చుండ్రు చెప్పిన చరిత్ర: ఐర్లండులో రాక్షసబల్లుల చర్మ పరిశోధన

ఐర్లండులో పాములు లేవు. సెయింట్ పాట్రిక్ వాటినన్నిటినీ సముద్రంలోకి తరిమివేశాడని అక్కడి ఐతిహ్యం. మంచుయుగం ముగిసిన తరువాత పాములు వచ్చి చేరేలోగానే సముద్రమట్టం పెరిగి దీవి వేరుపడిందని శాస్త్రజ్ఞుల వివరణ. ఏది నమ్మినా ఫలితం ఒక్కటే. ఆ దేశంలో నేలమీద సహజంగా తిరిగే సరీసృపజాతి ఒక్కటే ఉన్నది, గుడ్లు పెట్టక పిల్లలను కనే ఒక చిన్న బల్లి. డబ్లిన్‌లోనో కార్క్‌లోనో పెరుగుతున్న తెలుగు పిల్లలకు "పాము కనబడితే కదలకుండా నిలబడు" అన్న హెచ్చరిక అవసరమే ఉండదు.

సజీవ సరీసృపాల విషయంలో ఇంత పేదదైన ఈ దేశం, చచ్చి రాయిగా మారిన సరీసృపాల విషయంలో అంతకన్నా పేదది. పటంలో ఐర్లండు నడిబొడ్డంతా సున్నపురాయి. దాని వయస్సు 30 కోట్ల సంవత్సరాలకు పైమాటే, అంటే రాక్షసబల్లులు పుట్టడానికి దాదాపు 10 కోట్ల సంవత్సరాల ముందునాటిది. ఎంత తవ్వినా అందులో డైనోసార్ దొరకదు. రాక్షసబల్లుల కాలపు రాళ్ళు ముఖ్యంగా ఈశాన్య మూలన, ఆంట్రిమ్ తీరంలో మాత్రమే బయటపడతాయి. అక్కడ కూడా వాటిపై 6 కోట్ల సంవత్సరాల క్రితం పారిన లావా నల్లరాయిగా గట్టిపడి దుప్పటివలె కప్పి ఉన్నది. పర్యాటకులు తండోపతండాలుగా చూడబోయే జైంట్స్ కాజ్‌వే స్తంభాలు ఆ నల్లరాతివే.

ఆ నల్లరాతి కింద తెల్లని సుద్ద పొర ఉన్నది. అదే క్రెటేషియస్ యుగం ఐర్లండుకు మిగిల్చిపోయిన ఆస్తి. అయితే సుద్ద లోతైన సముద్రపు అడుగున పేరుకునే పదార్థం. అందులో సముద్రపు ముళ్ళకాయలు, కణవ చేపల బంధువుల తూటాల వంటి అవశేషాలు పుష్కలంగా ఉన్నాయి. నేలమీద నడిచే జంతువు మాత్రం ఏ నదిలోనో పడి, సముద్రంలోకి కొట్టుకుపోతే తప్ప అక్కడ చేరదు. నైరుతిన కెరీ ప్రాంతంలో, కిలార్నీకి సమీపాన బాలిడీన్లీ అనే చోట కూడా చిన్న సుద్ద ముక్క ఒకటి మిగిలి ఉన్నది. అంటే ఆ సముద్రం దేశంలో ఆ మూల వరకు కూడా వ్యాపించినదన్నమాట. తరువాతి కాలంలో వాన, మంచు కలిసి ఆ పొరను దాదాపు పూర్తిగా తుడిచిపెట్టాయి.

ఇంత కరవులోనూ రెండు ఎముకలు దొరికాయి. రోజర్ బర్న్ అనే పాఠశాల ఉపాధ్యాయుడు శిలాజాల సేకరణే వ్యసనంగా ఆంట్రిమ్ తూర్పు తీరాన ఐలండ్‌మగీ వద్ద తిరుగుతూ వాటిని ఏరి, తన ఇతర సేకరణతోపాటు బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ మ్యూజియానికి ఇచ్చారు. రెండూ ఒకే జంతువువని మొదట అనుకున్నారు. మైక్ సిమ్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు కలిసి 2020లో ప్రకటించిన అధ్యయనంలో అవి రెండు వేర్వేరు డైనోసార్లవని తేలింది. ఒకటి నాలుగు కాళ్ళమీద నడిచే శాకాహారి స్కెలిడోసారస్ తొడ ఎముక. రెండవది రెండు కాళ్ళమీద పరుగెత్తే మాంసాహారి కాలి ఎముక. ఇద్దరూ జురాసిక్ తొలినాళ్ళవారు, వయస్సు సుమారు 20 కోట్ల సంవత్సరాలు. దీవి మొత్తానికి డైనోసార్ సంపద ఇంతే.

ఇక మన గోదావరిని తలచుకుందాం. ప్రాణహిత, గోదావరి లోయలోని కోట శిలాశ్రేణి కూడా ఇంచుమించు అదే జురాసిక్ కాలపుది. నాటి ఆదిలాబాదు జిల్లా యామనపల్లిలో కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకలు బయటపడ్డాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో ఆ జంతువుకు కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టిన ఆ అస్థిపంజరాన్ని సెలవులకు వెళ్ళినప్పుడు చూసి వచ్చిన పిల్లలు ఈ పాఠకుల ఇళ్ళలో చాలామందే ఉంటారు. వారిలో కాస్త చురుకైనవారు తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది. "దీని రంగేమిటి?" ఆ ప్రశ్నకు అక్కడి ఫలకం వద్ద సమాధానం ఉండదు. ఎముక జంతువు ఎత్తు చెబుతుంది, నడక చెబుతుంది, పళ్ళు ఉంటే తిండి చెబుతుంది. దానికి పొలుసులున్నాయా ఈకలున్నాయా, నల్లనిదా ఎర్రనిదా, ఒళ్ళు వెచ్చగా ఉండేదా చల్లగా ఉండేదా అన్నది చర్మం చెప్పవలసిన మాట. వరదనీటి ఇసుకలో కూరుకుపోయిన కళేబరానికి చర్మం మిగలదు.

ఈ చర్మపు మాటను వినడం ఎలాగో ప్రపంచానికి నేర్పుతున్నవారిలో ముందువరుసలో ఉన్నది, విచిత్రంగా, రెండే డైనోసార్ ఎముకలున్న ఐర్లండు. ఆ పని జరుగుతున్న చోటు యూనివర్సిటీ కాలేజ్ కార్క్. దానికి సారథ్యం వహిస్తున్నది ఆచార్య మరియా మెక్‌నమారా.

ఆమె పని విలువ తెలియాలంటే పక్షికీ రాక్షసబల్లికీ ఉన్న చుట్టరికం గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. 1861లో జర్మనీలో ఆర్కియాప్టెరిక్స్ దొరికింది. దానికి ఈకలున్నాయి, పళ్ళూ ఉన్నాయి, ఎముకలతో కూడిన పొడవైన తోకా ఉన్నది. పక్షులు డైనోసార్ల వంటి జంతువులకు దగ్గరివారని థామస్ హక్స్‌లీ ఆ తరువాతి దశాబ్దంలో వాదించాడు. తరువాత ఆ వాదం మూలపడింది. 1969లో అమెరికాలో జాన్ ఆస్ట్రమ్ డైనోనికస్ అనే చురుకైన వేటజంతువును వర్ణించి దానికి తిరిగి ప్రాణం పోశాడు. అయినా 1993లో వెండితెర మీద పిల్లలను భయపెట్టిన "జురాసిక్ పార్క్" వెలాసిరాప్టర్లకు మొసలి చర్మమే తొడిగారు. మూడేళ్ళకు, 1996లో, చైనాలోని ల్యావ్‌నింగ్ రాష్ట్రం నుండి సైనోసారాప్టెరిక్స్ వెలుగులోకి వచ్చింది. దాని వీపు మీద నూగు ఈకల వరుస స్పష్టంగా ఉన్నది. ఆ ప్రాంతంలో అగ్నిపర్వతాల సన్నని బూడిద సరస్సుల అడుగున పేరుకుని, మునిగిన ప్రతి జంతువునూ పట్టుగుడ్డలో చుట్టినట్లు భద్రపరచింది. గోదావరి ఇసుకకూ ల్యావ్‌నింగ్ బూడిదకూ ఉన్న తేడా ఇదే.

రంగు కథ 2008లో మొదలయింది. శిలాజ ఈకలలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద కనబడే అతిసూక్ష్మమైన గుళికలను అంతవరకు ఈకను కుళ్ళబెట్టిన బాక్టీరియా అనుకునేవారు. అవి బాక్టీరియా కావు, రంగుగుళికలు అని యాకబ్ విన్థర్, ఆయన సహచరులు చూపించారు. మన జుట్టుకూ చర్మానికీ రంగునిచ్చే మెలనిన్ ఇటువంటి గుళికలలోనే ఉంటుంది. వీటిని మెలనోసోములు అంటారు. నలుపు, ముదురు గోధుమ రంగులనిచ్చే మెలనిన్ పొడుగాటి గుళికలలోనూ, ఎర్రజుట్టు రంగునిచ్చే గంధకంతో కూడిన మెలనిన్ గుండ్రని గుళికలలోనూ తరచు ఉంటుంది. గుళిక ఆకారం చూస్తే రంగు చెప్పవచ్చునన్న ఉత్సాహం ఒక్కసారిగా పెల్లుబికింది. 2010లో సైనోసారాప్టెరిక్స్ తోకకు ఎరుపు, తెలుపు చారలున్నాయని ప్రకటన వెలువడింది. 2012లో మైక్రోరాప్టర్ అనే నాలుగు రెక్కల చిన్న డైనోసార్ కాకివలె నిగనిగలాడే నలుపు అని తేలింది. పత్రికలన్నీ రంగుల బొమ్మలతో నిండిపోయాయి.

రసాయనశాస్త్రం చదువుకున్నవారెవరికైనా ఇక్కడ ఒక అనుమానం రావాలి. ఈక మామూలుగా పడి ఉండలేదు. మట్టి కింద కిలోమీటర్ల లోతుకు దిగి, భూగర్భపు వేడిలో, వందల రెట్ల వాతావరణ పీడనంలో, కోట్ల సంవత్సరాలు మగ్గింది. మగ్గిన తరువాత కనబడే గుళిక, మగ్గకముందు ఉన్న గుళికేనా?

మెక్‌నమారా బృందం ఈ ప్రశ్నకు సమాధానాన్ని వాదనలో కాక వంటలో వెతికింది. ఇంటి ప్రెషర్ కుక్కర్‌లో ఉష్ణోగ్రత సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది. వీరు వాడిన పాత్రలో 200 నుండి 250 డిగ్రీలు, పీడనం 250 బార్. నేటి పక్షుల ఈకలను అందులో పెట్టి ఒక రోజు ఉడికించారు. 2013లో వెలువడిన ఫలితం ఇది: గుళికలు నిలిచాయి, కాని కుంచించుకుపోయాయి. ఈకల పైరంగులు మారిపోయాయి. కనుక శిలాజంలోని గుళిక కొలతలను నేటి పక్షి గుళిక కొలతలతో నేరుగా పోల్చి రంగు చెప్పడం, కుంచించుకుపోయిన చీర కొలతను బట్టి నేసినప్పటి కొలత చెప్పడం వంటిదే. చెప్పకూడదని కాదు. ఎంత కుంచించుకున్నదో లెక్క కట్టి చెప్పాలి.

మరో ఐదేళ్ళకు ఇదే బృందం ఇంకో చిక్కును బయటపెట్టింది. మెలనిన్ గుళికలు చర్మంలోనూ ఈకలలోనూ మాత్రమే ఉంటాయని అందరి ఊహ. నిజానికి కాలేయం, ప్లీహం వంటి లోపలి అవయవాలలో కూడా అవి ఉంటాయి. కప్పలలోనైతే చర్మంలో కన్న లోపలే ఎక్కువ. కళేబరం కుళ్ళి, పొట్ట పగిలితే ఆ గుళికలు ఒళ్ళంతా పరుచుకోగలవు. అప్పుడు శిలాజ పరిశోధకుడు చర్మపు రంగని చెప్పేది కాలేయపు రంగు కావచ్చును. వేరొకరైతే ఇక్కడితో నిరాశపడి ఊరుకునేవారు. కార్క్‌లో వలెంటీనా రోసీ ఆ చిక్కునే సాధనంగా మార్చారు. ఒక్కొక్క అవయవపు గుళికలలో రాగి, తుత్తునాగం వంటి లోహాల పాళ్ళు వేరుగా ఉంటాయి, ఆకారాలూ వేరు. ఎక్స్-కిరణాలతో ఆ లోహాలను పటం గీస్తే, చర్మం ఏదో లోపలి అవయవం ఏదో విడివిడిగా తెలుస్తుందని 2019లో చూపించారు. రంగు కోసం వెళ్ళినవారికి కాలేయం దొరకడం నష్టమేమీ కాదు.

ఇక చుండ్రు సంగతి. ల్యావ్‌నింగ్ నుండి వచ్చిన మైక్రోరాప్టర్, బేపియావోసారస్, సైనార్నిథోసారస్ అనే మూడు ఈకల డైనోసార్లనూ, కన్‌ఫ్యూషియసార్నిస్ అనే తొలికాలపు పక్షినీ పరిశీలిస్తూ ఉండగా ఈకల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లని పెళుసులు కనిపించాయి. సుమారు 12.5 కోట్ల సంవత్సరాల నాటి రాతిలో ఈ తెల్లమచ్చలు ఏమిటని సూక్ష్మదర్శిని కింద పెడితే, పరచిన పెంకులవలె ఒకదానినొకటి హత్తుకున్న చర్మకణాలు దర్శనమిచ్చాయి. కణాల లోపలి కెరటిన్ పోగులు సైతం చెదరలేదు. మనం తలదువ్వుకున్నప్పుడు భుజం మీద రాలేది ఇటువంటి కణాలే. ప్రపంచంలో అతిప్రాచీనమైన చుండ్రు ఇదేనని 2018లో పత్రికలు నవ్వుతూ రాశాయి.

నవ్వులాట మాట అటుంచితే, ఆ పెళుసులలో రెండు గట్టి విషయాలున్నాయి. పాము కుబుసం విడుస్తుంది. బల్లులు చర్మాన్ని పెద్ద ముక్కలుగా వదులుతాయి. ఈ డైనోసార్లు అలా చేయలేదు, నేటి పక్షులవలెనే చిన్న పొట్టుగా రాల్చాయి. ఆలోచిస్తే అది తప్పనిసరి. ఒంటినిండా ఈకలు నాటుకుని ఉన్న చర్మాన్ని కుబుసంగా ఎలా ఊడదీయగలదు? ఈకలు వచ్చినప్పుడు చర్మం తన పద్ధతిని కూడా మార్చుకున్నదన్నమాట. రెండవ విషయం వేడికి సంబంధించినది. నేటి పక్షి చర్మకణాలలో కెరటిన్ వదులుగా, దాని మధ్య కొవ్వు నిండి ఉంటుంది. ఎగిరేటప్పుడు పుట్టే విపరీతమైన వేడిని ఒంటి నుండి బయటకు పంపడానికి అది తోడ్పడుతుంది. శిలాజ కణాలలో ఆ కొవ్వుకు చోటు లేదు, కెరటిన్ దట్టంగా కూరి ఉన్నది. అందుచేత ఈ జంతువుల ఒళ్ళు నేటి పక్షులంత వేడెక్కేది కాదనీ, వాటికి దీర్ఘమైన ఎగురుడు సాధ్యపడలేదనీ బృందం భావించింది. ఎముకల మీద ఎన్ని సంవత్సరాలు వాదించినా తేలని ఒక విషయంలో చుండ్రు సాక్ష్యం చెప్పింది.

ఈక దేనితో తయారయినదన్న ప్రశ్న ఇంతకన్నా సున్నితమైనది. ఈకలోని ప్రోటీన్ అణువులు చీర కుచ్చిళ్ళవలె మడతలు మడతలుగా పేర్చి ఉంటాయి. దీనిని బీటా అమరిక అంటారు. పట్టుదారంలోనూ ఇటువంటి అమరికే ఉన్నది, అందుకే పట్టు సన్నగా ఉండీ గట్టిగా ఉంటుంది. మన జుట్టు, గొర్రె ఉన్ని ఇలా కాదు, అందులో అణువు మరచుట్టువలె మెలిపడి ఉంటుంది. అది ఆల్ఫా అమరిక. ఎగరడానికి కావలసిన బిగువు బీటా అమరిక వల్లనే వస్తుంది. ఆంకియోర్నిస్ అనే ఈకల డైనోసార్‌పై 2019లో వెలువడిన ఒక పరిశోధన దాని ఈకలలో ఆల్ఫా పాలు చెప్పుకోదగినంత ఉన్నదనీ, ఆనాటికి ఈక కూర్పు ఇంకా నేటి స్థితికి రాలేదనీ సూచించింది. వినడానికి ఎంతో పొందికైన కథ. పరిణామం మెట్టు మెట్టుగా నడిచినట్లు కనబడుతుంది.

కార్క్‌లో టిఫనీ స్లేటర్, మెక్‌నమారా తమ సహచరులతో కలిసి ఈ కథను కూడా కుక్కర్‌లో పెట్టారు. నేటి ఈకను వేడిచేస్తే కుచ్చిళ్ళు విచ్చుకుని, ఉన్న బీటా అమరికలోనుండే ఆల్ఫా సంకేతం పుట్టుకు వచ్చింది! అంటే శిలాజంలో ఆల్ఫా కనబడితే అది జంతువు ఇచ్చినది కాకపోవచ్చు, భూమి వేడి ఇచ్చినది కావచ్చు. తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ సింక్రోట్రాన్ కేంద్రంలో శక్తిమంతమైన ఎక్స్-కిరణాలతోనూ, పరారుణ కాంతితోనూ శిలాజ ఈకలను పరీక్షించారు. అంతగా వేడి సోకని సైనార్నిథోసారస్ ఈకలో బీటా అమరిక నేటి పక్షి ఈకలో వలెనే నిలిచి ఉన్నది. 2023లో ఇది ప్రకటితమైన తరువాత, 12.5 కోట్ల సంవత్సరాల క్రితమే ఈక పదార్థం చాలావరకు నేటి ఈక పదార్థమేనని చెప్పడానికి బలమైన ఆధారం ఏర్పడింది. ఇక్కడ మెచ్చుకోవలసినది ఫలితం కన్నా పద్ధతిని. పూర్వపు పరిశోధకులు అబద్ధమాడలేదు, వారి యంత్రాలు చూపినదే చెప్పారు. యంత్రం చూపినది ఎవరి సంతకం అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న వేయనిదే శిలాజ రసాయనశాస్త్రం శాస్త్రం కాదు.

అదే సంవత్సరం స్లేటర్ బృందం ఇటువంటి ప్రయోగాల అండతోనే మరొకటి నిరూపించింది. ఎర్రజుట్టుకు కారణమైన గంధకపు మెలనిన్ తాలూకు అసలైన ఆనవాళ్ళు కోటి సంవత్సరాల నాటి శిలాజ కప్పలలో మిగిలి ఉన్నాయి. ఎర్రజుట్టు మనుషులకు పేరుపడ్డ దేశం నుండి ఈ వార్త రావడం కాకతాళీయమే అయినా ముచ్చటగా ఉన్నది.

ఈకలు వచ్చిన తరువాత పొలుసులు ఏమయ్యాయి? దీనికి సమాధానం 2024లో కార్క్ నుండే వచ్చింది. సిటాకోసారస్ అంటే చిలుకబల్లి. ముక్కు చిలుక ముక్కును పోలి ఉంటుంది కనుక ఆ పేరు. అది శాకాహారి, పక్షుల వంశానికి దూరపు చుట్టం, తోకమీద మాత్రం కుచ్చువలె నిడుపాటి ఈకపోగులుండేవి. నాన్‌జింగ్ విశ్వవిద్యాలయంలోని ఒక నమూనాను జిషియావ్ యాంగ్, మెక్‌నమారా ప్రభృతులు అతినీలలోహిత కాంతిలో చూశారు. మామూలు వెలుగులో కంటికి ఆనని చర్మం ఆ కాంతిలో నారింజ పసుపు వన్నెలో మెరిసింది. ఆ చర్మం సిలికాగా, అంటే గాజుకు మూలమైన పదార్థంగా మారి నిలిచింది. కణాల నిర్మాణం చూస్తే ఈకలు లేని చోట్ల అది అచ్చంగా సరీసృప చర్మం. ఈకలున్న భాగంలో మాత్రమే చర్మం కొత్త దారి పట్టి, మిగిలిన ఒళ్ళంతా రాపిడినీ ఎండనూ తట్టుకునే పాతచర్మాన్నే ఉంచుకున్నదని వారి అభిప్రాయం. ఇల్లు మొత్తం పడగొట్టకుండా ఒక గదిని మాత్రం కొత్తగా కట్టుకున్న గృహస్థు తెలివి ఇది. కోడికాళ్ళ మీద పొలుసులు ఈనాటికీ ఉన్నాయి కదా.

క్రెటేషియస్ ఆకాశంలో డైనోసార్లూ పక్షులూ కాక మూడవ జాతి ఒకటి ఎగిరేది. అవి టెరోసార్లు. వాటి రెక్క గబ్బిలం రెక్కవలె చర్మపు పొర. వాటి ఒంటిమీది నూగు ఈకలా, మరేదైనానా అన్న విషయమై తీవ్రమైన వివాదం నడిచింది. కొమ్మలున్న ఈకలని ఒక పక్షం, కుళ్ళి చీలిన పోగులని మరొక పక్షం వాదించాయి. 2022లో కార్క్ పరిశోధకురాలు ఆడ్ సెంకోటా, మెక్‌నమారా, బ్రస్సెల్స్‌కు చెందిన పాస్కల్ గొడఫ్రా తదితరులు బ్రెజిల్ దేశపు టుపాండాక్టిలస్ పుర్రెను వర్ణించారు. దాని నెత్తిన తెరచాపవంటి పెద్ద శిఖ. శిఖ అడుగున రెండు రకాల ఈకలు, కొన్ని ఒంటిపోగులు, కొన్ని కొమ్మలున్నవి. అన్నిటికన్నా ముఖ్యంగా, చర్మంలో ఒక ఆకారపు రంగుగుళికలు, ఒంటిపోగులలో మరొకటి, కొమ్మల ఈకలలో వేరొకటి. నేటి పక్షులలో ఈకను బట్టి గుళిక ఆకారం మారుతుంది. టెరోసార్లలోనూ అదే ఏర్పాటున్నదంటే ఈకల రంగును నియంత్రించే ఏర్పాటు ఆ జంతువుల ఒంటిలో ఉన్నదని అర్థం. ఈక మొదట ఎగరడానికి కాదు, వెచ్చదనానికీ కనబడడానికీ పుట్టిందన్న వాదానికి ఇది గట్టి ఊతం.

ఆ శిలాజం ఒక ప్రైవేటు సేకరణలో పడి ఐరోపాలో ఉండేది. పరిశోధన ప్రకటితమైన ఏడే అది బ్రెజిల్‌కు, రియో డి జనేరోలోని భూవిజ్ఞాన మ్యూజియానికి తిరిగి చేరింది. సొంత నేలలో దొరికినవి పరదేశపు బీరువాలలో ఉండడం ఏమిటో తెలిసిన జాతికి ఈ వార్త ప్రాధాన్యం వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పరిశోధనలకు మోసగాళ్ళ బెడద కూడా ఉన్నది. 1999లో ఆర్కియోరాప్టర్ అనే శిలాజం పక్షికీ డైనోసార్‌కూ మధ్య లంకె అని ఆర్భాటంగా ప్రచారమయింది. తీరా చూస్తే అది అతుకుల బొంత, ఒక పక్షి ఒంటికి మైక్రోరాప్టర్ తోకను అంటించినది. ఇంతకన్నా పాత మోసాన్ని రోసీ 2024లో బయటపెట్టారు. ఆల్ప్స్ పర్వతాలలో 1931లో దొరికిన ట్రైడెంటినోసారస్ అనే 28 కోట్ల సంవత్సరాల సరీసృపానికి నల్లని చర్మం రేఖ తప్పకుండా నిలిచి ఉన్నదని పుస్తకాలు దశాబ్దాలపాటు కీర్తించాయి. ఆ చర్మంలో మెలనిన్ కోసం వెతకబోతే అది చర్మమే కాదు. ఎముకల బొగ్గుతో చేసే నల్లరంగును పోలిన పూత. ఎవరో రాతిని బల్లి ఆకారంలో చెక్కి నల్లగా పూసి ఉంచారు. అడుగున కొన్ని ఎముకలు, వీపుమీది చిన్న పలకలు మాత్రం నిజమైనవే. ఆనాటి చిత్రకారుడు సూక్ష్మదర్శినిని లెక్కలోకి తీసుకోలేదు.

చర్మం, ఈక గురించి ఇంత తెలిసిన తరువాత కూడా ఒక ప్రశ్న అలాగే నిలిచి ఉన్నది. డైనోసార్లకూ టెరోసార్లకూ రెండింటికీ ఈకలుంటే, వాటిని ఇచ్చిన తాత ఈ రెండు వంశాలూ చీలకముందే, అంటే ట్రయాసిక్ యుగంలో, సుమారు 25 కోట్ల సంవత్సరాల నాడు బ్రతికి ఉండాలి. కాని ఇంతవరకు చూసిన ఈకల శిలాజాలన్నీ జురాసిక్, క్రెటేషియస్ కాలాలవి. అంతకు ముందరి తరాల చర్మం ఎవరికీ దొరకలేదు. ట్రయాసిక్ సరీసృపాల ఎముకలకు పేరుపొందిన చోట్లలో మన గోదావరి లోయ ఒకటి. కోట శిలాశ్రేణికి అడుగున ఉన్న మలేరి ఎర్రమట్టి పొరలలోనుండి 1987లో శంకర్ ఛటర్జీ ఒక చిన్న డైనోసార్‌ను వర్ణించారు. ఈనాడు దానిని ఆల్వాకీరియా మలేరియెన్సిస్ అంటున్నారు. మలేరి అన్న పల్లె పేరు అందులో పదిలంగా ఉన్నది. దాని వయస్సు 22, 23 కోట్ల సంవత్సరాలు. దొరికినవి కొన్ని ముక్కలే, పుర్రె ముందుభాగం, కొన్ని వెన్నుపూసలు, తొడ ఎముక. ఒంటిమీద నూగు ఉండేదా పొలుసులుండేవా అన్నది ఆ ఎర్రమట్టి ఇంకా చెప్పలేదు.